బడి గోడపై సరుకుల ప్రకటనలా?
నిధుల అవసరానికీ, విద్యార్థుల హితానికీ నడుమ తెగని వివాదం

న్యూఢిల్లీ: పాఠశాలల ఆవరణల్లో వ్యాపార సంస్థలు తమ ప్రకటనలు ప్రదర్శించుకోవడాన్ని అనుమతించవచ్చునా అన్న ప్రశ్నకు దేశంలోని చట్టాలు సగం సమాధానమే ఇస్తున్నాయి. ఆరోగ్యానికి చేటు తెచ్చే తినుబండారాల విషయంలో నిషేధం స్పష్టంగానే ఉంది. ఇతర సరుకుల సంగతి చాలావరకు యాజమాన్యాల విచక్షణకే మిగిలిపోయింది.

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020 సెప్టెంబరులో జారీ చేసిన నిబంధనల ప్రకారం కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉండే పదార్థాలను పాఠశాల ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా విక్రయించరాదు, ప్రకటించరాదు. పుస్తకాల అట్టలపైనా, బడి బస్సులపైనా, ఆటస్థలాల్లోనూ అటువంటి సరుకుల చిహ్నాలు కనిపించరాదు. ఒక స్వచ్ఛంద సంస్థ 2010లో దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై ఢిల్లీ హైకోర్టు 2015లో ఇచ్చిన ఆదేశాలు ఈ నిబంధనలకు దారితీశాయి.

అయితే పాదరక్షలు, కలాలు, ట్యూషన్ యాప్‌ల వంటి వాటికి ఈ నిబంధనలు వర్తించవు. చిత్రలేఖన పోటీలు, క్విజ్‌లు, ఉచిత నమూనాల రూపంలో ఇటువంటి ప్రచారం తరగతి గది దాకా చేరే అవకాశం ఉంది.

కంపెనీల సొమ్మును కాదనడం పేద పాఠశాలలకు సాధ్యం కాదని అనుకూలురు వాదిస్తున్నారు. బడుల్లో మరుగుదొడ్ల నిర్మాణానికి ముందుకు రావలసిందిగా 2014 ఆగస్టు 15న ప్రధాని నరేంద్ర మోదీ ఎర్రకోట పైనుంచి కార్పొరేట్ సంస్థలకు పిలుపునివ్వడం గమనార్హం.

ప్రత్యర్థుల వాదనలోనూ బలం లేకపోలేదు. ఇంట్లో టీవీలో ప్రకటన వస్తే పిల్లవాడు లేచి వెళ్లవచ్చు. తరగతి గదిలో ఆ వీలు లేదు. పైగా మాస్టారు పంచిన కరపత్రాన్ని అతడు మాస్టారి మాటగానే స్వీకరిస్తాడు. కొనిపెట్టలేని తల్లిదండ్రులపై ఆ భారం పడుతుంది.

ఈ విషయంలో అమెరికా అనుభవం పరిశీలించదగినది. అక్కడ 1990లో ఆరంభమైన ‘చానల్ వన్’ సంస్థ పాఠశాలలకు టీవీలు, ఉపగ్రహ పరికరాలు సమకూర్చింది. అందుకు ప్రతిఫలంగా విద్యార్థులు రోజూ 12 నిమిషాల కార్యక్రమం చూడవలసి వచ్చేది. అందులో 2 నిమిషాలు వ్యాపార ప్రకటనలే. ఏడాదికి 180 పనిదినాలనుకుంటే ప్రకటనలకే 6 గంటలు, అంటే దాదాపు ఒక పూర్తి బడిరోజు ఖర్చయినట్లు. తీవ్ర విమర్శల నడుమ కొనసాగిన ఆ ప్రసారాలు 2018లో నిలిచిపోయాయి.

విరాళానికీ, ప్రకటనకూ మధ్య గీత గీయడం అసాధ్యమేమీ కాదు. 2013 నాటి కంపెనీల చట్టం నిర్ణీత పరిమాణం దాటిన సంస్థలు తమ సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలంటోంది. విద్యాభివృద్ధి కూడా ఆ జాబితాలో ఉంది. కాగా, సరుకుల ప్రచార లబ్ధి కోసం చేసే స్పాన్సర్‌షిప్ వ్యయాన్ని ఆ పద్దులో చూపరాదని 2021 జనవరిలో సవరించిన నిబంధనలు తేల్చి చెప్పాయి.

కంపెనీల లెక్కలకు వర్తించే ఈ కొలబద్దనే పాఠశాలల గోడలకూ వర్తింపజేయవచ్చు. గది కట్టించిన దాత పేరు శిలాఫలకంపై చెక్కడం మన దేశంలో పాత సంప్రదాయమే. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆ ఫలకంపై దాత పేరుకు బదులు సరుకు పేరు చేరిననాడు మాత్రం అది దానం కాదు, బేరం. ఆ బేరంలో అమ్ముడయ్యేది గోడ కాదు, విద్యార్థి దృష్టి.