వాటా ఇల్లా? పూర్తి ఇల్లా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరకనే అనలేదు. రెండింటను ముందు వేసికొన్న లెక్కకును, తుదకు తేలిన లెక్కకును పొంతన యుండదు.

నేడు ఇంగ్లండులో వైద్యులుగను, నర్సులుగను, ఇంజనీరులుగను స్థిరపడిన తెలుగువారు పెక్కుమంది కలరు. వారు మొదటి ఇల్లు కొనదలచినపుడు ఇక్కడి తలిదండ్రులకు ఒక్కొక్కమారు విచిత్రమైన వార్త అందును. ఇంటిలో నూటికి నలుబది పాళ్ళు కొనుచున్నామనియు, మొదటి సొమ్మునకు కొంత పంపుడనియు బిడ్డలు కోరుదురు. ఇంటిలో నలుబది పాళ్ళేమి? వంటయిల్లు మనది, పడకగది పరులదియా? అర ఎకరము అమ్మి సొమ్ము పంపవలసిన తండ్రికి ఈ ప్రశ్న హాస్యము కాదు. కావున ఈ పద్ధతి ఎట్టిదో, సాధారణమైన తనఖా అప్పుతో దీనిని ఎట్లు పోల్చి చూడవలెనో ఇచట విన్నవింతుము. మేము చెప్పునవి ఇంగ్లండు నిబంధనలు. స్కాట్లండు, వేల్సులలో ఏర్పాట్లు వేరు.

తనఖా అప్పు మనకును తెలిసినదే. కొనువాడు ధరలో పదవ వంతో, అంతకు కొంచెము ఎక్కువో తక్కువో చేతినుండి పెట్టును. మిగిలినది బ్యాంకు ఇచ్చును. ఇల్లు బ్యాంకునకు తనఖా పడును. ఇరువది యైదు, ముప్పది యేండ్ల వాయిదాలు తీరగనే బ్యాంకునకు ఇంటితో సంబంధము తొలగును. అయితే బ్యాంకులు సామాన్యముగా వార్షికాదాయమునకు నాలుగున్నర రెట్లకు అటు నిటుగా మాత్రమే అప్పిచ్చును. అంత ఆదాయము లేనివారికి ఈ తలుపు మూసియుండును.

అట్టివారికొరకు ఏర్పడినదే షేర్డ్ ఓనర్‌షిప్, అనగా వాటా యాజమాన్యము. ఇంటిని హౌసింగ్ అసోసియేషన్ వంటి సంస్థ అమ్మును. 2021లో ప్రవేశపెట్టిన కొత్త నమూనాలో నూటికి 10 మొదలు 75 పాళ్ళవరకు కొనవచ్చును. పాత నమూనాలో కనీసము 25 పాళ్ళు కొనవలసియుండెను. కొనని భాగమునకు సంస్థకు అద్దె చెల్లింపవలెను. ఆ యద్దె మొదటి సంవత్సరమున సాధారణముగా ఆ భాగపు విలువలో నూటికి 2.75 చొప్పున ఉండును. కుటుంబపు వార్షికాదాయము 80,000 పౌనులకు, లండనులో 90,000 పౌనులకు మించినవారికి ఈ పథకము వర్తింపదు. ఇల్లంతయు కొన్నవారి అనుభవములోనే యుండును. గదులు పంచుకొను ప్రసక్తి లేదు. పంచుకొనునది విలువను మాత్రమే.

ఒక లెక్క వేసి చూతము. 3,00,000 పౌనుల ఫ్లాటు ఒకటి యున్నదనుకొందము. పూర్తిగా కొన్నచో పదవ వంతు 30,000 చేతినుండి పెట్టవలెను. 2,70,000 అప్పు. వడ్డీ నూటికి 5, గడువు 25 ఏండ్లు అయినచో నెలకు సుమారు 1,578 పౌనుల వాయిదా పడును. అదే ఫ్లాటులో 40 పాళ్ళు కొన్నచో వాటా విలువ 1,20,000. చేతి సొమ్ము 12,000 చాలును. 1,08,000 అప్పునకు నెలసరి వాయిదా 631. మిగిలిన 60 పాళ్ళకు అద్దె 412. మొత్తము 1,043 పౌనులు. నెలకు అయిదు వందలకు పైగా తక్కువ. అప్పునకు కావలసిన ఆదాయమును తక్కువయే. ఇంతవరకు చూచినవారు వాటా ఇల్లే మేలందురు.

కాని లెక్క ఇచట ముగియలేదు. అప్పు వాయిదా వడ్డీనిబట్టి మారవచ్చును గాని, అసలు తరుగుచుండును. తుదకొక దినమున అప్పు తీరును. అద్దె తీరదు. కొత్త లీజులలో ధరల సూచిక పెరుగుదలకు నూటికి ఒకటి కలిపి ఏటేట అద్దెను పెంచుటకు వీలున్నది. ధరలు ఏడాదికి నూటికి మూడు పెరుగుచున్నవనుకొన్నచో అద్దె నాలుగు పెరుగును. 412 పౌనుల అద్దె పదియేండ్లకు 610 అగును. ఇరువది యైదేండ్లకు 1,100 అగును. పూర్తి ఇల్లు కొన్నవారు ఆ నాటికి ఋణవిముక్తులై యుందురు. వాటాదారులు ఉద్యోగవిరమణ వయస్సున మొదటికంటె ఎక్కువ అద్దె చెల్లించుచుందురు.

దీనికి విరుగుడు లేకపోలేదు. వాటాను క్రమముగా పెంచుకొనవచ్చును. దీనిని అచట మెట్లెక్కుట అందురు. కొత్త నమూనాలో మొదటి 15 ఏండ్లు ఏటేట ఒక్కొక్క పాలు చొప్పున కొనవచ్చును. ఎప్పుడైనను 5 పాళ్ళు, అంతకెక్కువయు కొనవచ్చును. వాటా పెరిగిన కొలది అద్దె తగ్గును. కాని కొత్త పాళ్ళకు ధర నాటి ధర కాదు, కొనునాటి ధర. ఇల్లు నాలుగు లక్షలైనచో పది పాళ్ళకు 30,000 కాక 40,000 చెల్లింపవలెను. పెద్ద మెట్టునకు మదింపు రుసుము, వకీలు ఖర్చు వేరు. జీతము ఇంటి ధరకంటె వేగముగా పెరిగినవారే ఈ మెట్లు ఎక్కగలరు.

మరియొక సంగతి. భవన నిర్వహణకగు సర్వీసు చార్జీ వాటానుబట్టి యుండదు. 40 పాళ్ళు కొన్నవారును సాధారణముగా ఆ ఫ్లాటు వంతు నూటికి నూరు పాళ్ళును చెల్లింతురు. కొత్త నమూనాలో మొదటి పదియేండ్లు ముఖ్యమైన మరమ్మతుల భారము సంస్థదే, పిమ్మట కొన్నవారిది. అమ్మదలచినపుడు వెంటనే బజారున పెట్టుటకు వీలులేదు. కొనువానిని వెదకుటకు సంస్థకు మొదట గడువీయవలెను: కొత్త లీజులలో 4 వారములు, పాతవానిలో 8 వారములు. ఇల్లు అద్దెకిచ్చుటకు సాధారణముగా అనుమతి యుండదు.

యజమాని యను మాట ఎంత బలహీనము కాగలదో 2007లో బర్మింగ్‌హామ్ న్యాయస్థానపు తీర్పొకటి తెలిపినది. అద్దె బాకీపడిన ఒక వాటాదారు చట్టము దృష్టిలో కేవలము అద్దెదారేయని ఆ తీర్పు సారాంశము. ఇంటితోపాటు వాటాపై హక్కును పోయినది. 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టము 21 ఏండ్లకు మించిన లీజులను ఆ తరగతినుండి తొలగించినది. అయినను అద్దె బాకీపడుట లీజు షరతును తప్పుటయే.

ఇక పూర్తి అప్పు నిరపాయమనియు తలపరాదు. వడ్డీ 5 నుండి 6కు పెరిగినచో 2,70,000 అప్పుపై వాయిదా నెలకు 160 పౌనులు పెరుగును. 1,08,000 అప్పుపై 65 మాత్రమే. ఇంటి ధర పడిపోయినచో నష్టమంతయు కొన్నవారిదే. శక్తికి మించిన పూర్తి ఇల్లుకంటె శక్తికి తగిన వాటా మేలు.

కావున మా సలహా యిది. ఒకటి రెండేండ్లు ఓర్చి కూడబెట్టినచో పూర్తి అప్పు దొరకునట్లుండి, వాయిదా భరింపగలిగినచో, అదే మంచిది. ఇక్కడినుండి పంపు సొమ్ము ఆ లోటును పూడ్చగలిగినచో అది సార్థకము. అట్టి ఆశ లేక, పరుల ఇంట పూర్తి అద్దె చెల్లించుచు కాలము గడపువారికి వాటా ఇల్లు నీడయే. కాని లీజు చేతబట్టుకొని నాలుగు ప్రశ్నలు అడుగవలెను. అద్దె ఏ సూచికనుబట్టి పెరుగును? సర్వీసు చార్జీ గడచిన మూడేండ్లలో ఎంత? మరమ్మతులు ఎవరివి? పదియేండ్లలో ఎన్ని మెట్లు ఎక్కగలము? నాలుగవదానికి జవాబు చెప్పవలసినది అమ్మువారు కాదు, కొనువారే.

మా అమ్మాయి ఇంటి యజమానురాలా, అద్దెకున్నదా యని అడుగు తండ్రికి మా సమాధానము: రెండును. ఆ రెండింటిలో ఏది పెరుగునో, ఏది తరుగునో తేల్చుకొన్న పిమ్మటనే పొలము కాగితములు బయటికి తీయుట మంచిది.