చెక్‌లిస్ట్‌లో 'ఓకే' అని రాయించింది నేనే: శాన్ ఆంటోనియో కాన్ఫరెన్స్‌లో నేను నేర్చుకున్నది

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు, 'అన్నా, అమెరికా కాన్ఫరెన్స్‌కి వెళ్లొచ్చావు కదా, అక్కడ ఏం జరిగిందో చెప్పు' అని. ఈరోజు అదే చెప్తాను. ఫొటోలు, ఫుడ్డు అవన్నీ రెండు నిమిషాల్లో అయిపోతాయి. ఇన్నాళ్లూ ఎక్కడా చెప్పని సంగతి ఒకటి ఉంది, అది కూడా ఈరోజే చెప్పేస్తాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ముందుగా ఒక మాట. నేను ఫెసిలిటీ మేనేజర్‌ని. మా అమ్మకి ఇప్పటికీ నా ఉద్యోగం ఏంటో అర్థం కాదు. 'బిల్డింగ్ చూసుకుంటాడు' అని చుట్టాలకి చెప్తుంది. ఒకరకంగా కరెక్టే. మీరు ఆఫీసుకి వస్తారు, లైటు వెలుగుతుంది, ఏసీ చల్లగా ఉంటుంది, లిఫ్ట్ వస్తుంది, బాత్రూంలో నీళ్లుంటాయి. ఇవన్నీ జరుగుతున్నంతసేపు మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. ఏదో ఒకటి ఆగిపోతే మాత్రం మా నంబరు అందరికీ గుర్తొస్తుంది. ఈ పనికి 2018లో ఐఎస్‌ఓ 41001 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. అంటే హాస్పిటల్, ఎయిర్‌పోర్ట్, ఐటీ క్యాంపస్, ఏదైనా సరే, భవనాన్ని ఒక పద్ధతి ప్రకారం నడపడం ఇప్పుడు ఒక వృత్తి అన్నమాట.

ఈ వృత్తికి పెద్ద సంఘం ఇఫ్మా. 1980లో అమెరికాలో మొదలైంది, ఆఫీసు హ్యూస్టన్‌లో ఉంది. వాళ్లు ప్రతి ఏడాదీ 'వరల్డ్ వర్క్‌ప్లేస్' అని కాన్ఫరెన్స్ పెడతారు. 2024లో అది టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో జరిగింది. సగం ఖర్చు కంపెనీ ఇచ్చింది, సగం నేను పెట్టుకున్నాను. దోహా మీదుగా డల్లాస్‌లో దిగి, పెద్దమ్మ కొడుకు ఇంట్లో ఒక రాత్రి పడుకున్నాను. మర్నాడు వాడే కార్లో తీసుకెళ్లాడు. దారి పొడవునా ఒకటే మాట, 'ఒరేయ్, లిఫ్టుల గురించి మాట్లాడుకోడానికి ఇంత దూరం వచ్చావా?'

నిజం చెప్పాలంటే లిఫ్ట్ గురించే వెళ్లాను.

అక్కడికి వెళ్లే ముందు ఆ ఊరి గురించి కొంచెం. శాన్ ఆంటోనియోలో రివర్ వాక్ అని ఉంటుంది. రోడ్డు కంటే కిందకి దిగితే నది, రెండువైపులా నడిచే దారులు, హోటళ్లు, చిన్న చిన్న పడవలు. అందరూ అక్కడ సెల్ఫీలు తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను. కానీ మా వాళ్లకి దాని కింద ఉన్నదే ముఖ్యం. 1921లో ఆ నదికి వరదొచ్చి పదుల మంది చనిపోయారు. ఇప్పుడు ఊరి కింద, దాదాపు 150 అడుగుల లోతులో, 3 మైళ్ల పొడవున ఒక సొరంగం ఉంది. వరదొస్తే ఎక్కువ నీళ్లు ఆ సొరంగంలోంచి ఊరు దాటి బయటపడతాయి. 1997లో పూర్తయింది, 1998 అక్టోబర్‌లోనే పెద్ద వరదొచ్చింది, అది తన పని చేసింది. పైన కాఫీ తాగేవాళ్లలో ఎంతమందికి దాని సంగతి తెలుసో మరి. మా ఉద్యోగమూ అచ్చం అలాంటిదే అనిపించింది.

ఇక కాన్ఫరెన్స్. హాల్లో ఏసీ మామూలు చలి కాదు. 24 దగ్గర పెట్టుకోండి, ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని మన బీఈఈ ఎప్పటినుంచో చెప్తోంది. ఫెసిలిటీ మేనేజర్ల మీటింగ్‌లోనే స్వెట్టర్ వేసుకుని కూర్చోవాల్సి రావడం నాకు భలే నవ్వొచ్చింది. ఎక్స్‌పోలో సెన్సర్లు, సాఫ్ట్‌వేర్లు, నేల తుడిచే రోబోలు. మొదటి రోజు అందరిలాగే పెన్నులు, బ్యాగులు ఏరుకున్నాను. మీరెప్పుడైనా ఇలాంటి వాటికి వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: స్టాల్ దగ్గర 'ఇది ఏం చేస్తుంది' అని అడగొద్దు, అది వాళ్లు గంటసేపు చెప్తారు. 'ఇది పాడైతే నాకెలా తెలుస్తుంది' అని అడగండి. సమాధానం తడుముకుంటే పక్క స్టాల్‌కి వెళ్లిపోండి.

అసలు నేర్చుకున్నది స్టేజీ మీద చెప్పిన మాటల నుంచి కాదు. భోజనాల దగ్గర ఒక టేబుల్ మీద ఎనిమిది మందిమి కూర్చున్నాం. నా పక్కన ఒక పెద్దాయన, హాస్పిటల్ బిల్డింగులు చూసుకునే ఇంజినీరు, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు. మాటల్లో 1976 నాటి ఫిలడెల్ఫియా సంగతి వచ్చింది. అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం ఒక పెద్ద హోటల్లో సమావేశం పెట్టుకుంది. తర్వాత న్యుమోనియాలాంటి జబ్బుతో 221 మంది పడిపోయారు, 34 మంది చనిపోయారు. కారణం ఒక బ్యాక్టీరియా అని కనిపెట్టేసరికి 1977 జనవరి వచ్చింది. లీజియనెల్లా అని పేరు పెట్టారు. గోరువెచ్చని నీళ్లలో, కూలింగ్ టవర్లలో పెరుగుతుంది, తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 'మన పనిలో తప్పు జరిగితే ఏసీ ఆగడం ఒక్కటే కాదు' అన్నారాయన. తర్వాత టేబుల్ మీద ఒక్కొక్కరూ తమ చేతిలో జరిగిన తప్పు చెప్పడం మొదలుపెట్టారు. నా వంతు వచ్చింది.

ఏం చెప్పానో మీకూ చెప్తున్నాను. అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద క్యాంపస్‌లో చేసేవాణ్ని. జూన్‌లో ఒక సాయంత్రం గాలివాన, కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్ స్టార్ట్ అయింది, లోడ్ పడగానే ట్రిప్ అయింది. లిఫ్ట్ నాలుగు, ఐదు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల 8 మంది. అందులో ఒకావిడ ఏడో నెల గర్భిణి. 50 నిమిషాలు పట్టింది బయటికి తీయడానికి. అందరూ క్షేమంగానే వచ్చారు. కానీ ఆ లోపలి నుంచి తలుపు మీద కొట్టిన చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

లిఫ్ట్‌లో ఏఆర్‌డీ అని ఒక ఏర్పాటు ఉంటుంది. కరెంటు పోతే బ్యాటరీతో లిఫ్ట్‌ని నెమ్మదిగా దగ్గరి అంతస్తుకి తెచ్చి తలుపు తెరుస్తుంది. ఆరోజు అది పనిచేయలేదు, బ్యాటరీలు చచ్చిపోయాయి. మరి చెక్‌లిస్ట్‌లో? నెల నెలా 'ఓకే'. ప్యానెల్ మీద పచ్చ లైటు వెలుగుతోంది కాబట్టి ఓకే. కానీ ఆ లైటు చార్జర్‌కి కరెంటు వస్తోందని మాత్రమే చెప్తుంది. బ్యాటరీలో బలం ఉందో లేదో చెప్పదు. అది తెలియాలంటే ఖాళీ లిఫ్ట్‌ని మధ్యలో ఉంచి మెయిన్ ఆపి చూడాలి.

ఇంతవరకు విచారణలోనూ చెప్పాను. చెప్పనిది ఇంకోటుంది. మా లిఫ్ట్ టెక్నీషియన్, కాంట్రాక్ట్ మీద పనిచేసే నల్గొండ అన్న, మూడు నెలల ముందే నా దగ్గరికొచ్చాడు. 'సార్, బ్యాటరీలు వీకున్నయి, మార్చాలె' అన్నాడు. 18 వేల ఖర్చు. ఆ క్వార్టర్ బడ్జెట్ అయిపోయింది. 'నాట్ ఓకే' అని రాస్తే లిఫ్ట్ ఆపాలి, ఆపితే పై ఫ్లోర్ల నుంచి ఫోన్లు. 'ప్రస్తుతానికి ఓకే అని రాసెయ్ అన్నా, వచ్చే క్వార్టర్‌లో చూద్దాం' అన్నాను. రాశాడు. లిఫ్ట్ ఆగిన మర్నాడు సంతకం ఎవరిదని చూశారు. అన్నని సైట్ నుంచి తీసేశారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. నోరు విప్పలేదు.

టేబుల్ మీద ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన కాసేపాగి రెండు మాటలన్నారు. మొదటిది పని గురించి: 'నీ చెక్‌లిస్ట్ అడిగే ప్రశ్నే తప్పు. ఓకేనా అని అడిగితే ఓకే అనే రాస్తారు. ఎంత అని అడుగు.' వాళ్ల హాస్పిటళ్లలో జనరేటర్‌ని నెలకోసారి కనీసం 30 నిమిషాలు, దాని కెపాసిటీలో 30 శాతానికి తగ్గకుండా లోడ్ పెట్టి నడపాలి. ఎన్‌ఎఫ్‌పీఏ 110 అనే ప్రమాణంలో ఉంది ఇది. మేమేమో ఖాళీగా పది నిమిషాలు తిప్పి ఆపేసేవాళ్లం. డీజిల్ ఇంజన్‌ని అలా లోడ్ లేకుండా తిప్పితే ఇంధనం పూర్తిగా కాలదు, మసి, జిడ్డు పేరుకుంటాయి. టెస్ట్ చేస్తున్నామనుకుంటూ మనమే పాడుచేస్తున్నాం అన్నమాట.

రెండోది ప్రశ్న. 'ఆ టెక్నీషియన్ ఇప్పుడెక్కడున్నాడు?'

నాకు తెలియదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా కనుక్కోలేదు.

తిరిగొచ్చాక ఇప్పుడు చేస్తున్న చోట చెక్‌లిస్ట్ మొత్తం మార్చాను. టిక్కులు లేవు. బ్యాటరీ వోల్టేజ్ లోడ్ మీద ఎంత, జనరేటర్ ఎన్ని కిలోవాట్ల మీద ఎన్ని నిమిషాలు నడిచింది, కూలింగ్ టవర్ నీళ్లు చివరిసారి ఏ తేదీన పరీక్షకి పంపారు, అన్నీ అంకెలే. 'నాట్ ఓకే' రాసినవాడు నాకు కాదు, నేరుగా నా పైవాళ్లకి కూడా మెయిల్ వెళ్లేలా పెట్టాను. నాలాంటోడు మధ్యలో అడ్డుపడకుండా. ఫైనాన్స్ వాళ్లకి 'బ్యాటరీ వీక్' అని రాయడం మానేశాను. 'కరెంటు పోతే లిఫ్ట్‌లో మనుషులు ఇరుక్కుంటారు, ఆపడానికి 18 వేలు' అని రాస్తున్నాను. ఇలా రాస్తే రెండు రోజుల్లో అప్రూవల్ వచ్చింది, అప్పుడూ ఇలాగే రాసి ఉండాల్సింది.

మొదట్లో భయపడ్డారు. ఇద్దరు టెక్నీషియన్లు, 'నిజం రాస్తే మా మీదికి రాదు కదా సార్?' అని అడిగారు. అడగడం న్యాయమే.

నల్గొండ అన్న నంబరు పాత సెక్యూరిటీ సూపర్‌వైజర్ దగ్గర దొరికింది. నాలుగు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని చేయలేకపోయాను. చేశాక గొంతు గుర్తుపట్టాడు. 'మంచిగున్నరా సార్?' అన్నాడు. ఒక అపార్ట్‌మెంట్‌లో మోటార్లు చూసుకుంటున్నాడట, జీతం అప్పటికంటే తక్కువ. జరిగింది చెప్పి, తప్పు నాది అన్నా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'నాకెరికే సార్. అప్పుడే ఒక్క మాట చెప్తే ఐపోవు' అన్నాడు.

అప్పటి మా పై అధికారికి ఉన్నదున్నట్టు మెయిల్ రాశాను, కాపీ అన్నకి వాట్సాప్‌లో పంపాను. రిప్లై ఇంకా రాలేదు. మా దగ్గర ఖాళీ ఉంది, రమ్మని అడిగాను. 'ఇంట్ల అడిగి చెప్త' అన్నాడు.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో కూలింగ్ టవర్ నీళ్లు ఎలా పరీక్ష చేస్తారో పైకెక్కి చూపిస్తాను. ఉంటాను మరి.