పనికి పోయే సైకిలు

చిక్కబళ్ళాపురం జిల్లాలో గుడిబండె చిన్న తాలూకా. ఊరి నెత్తిన పెద్ద రాతిగుట్ట, దాని మీద పాళెగాడు బైరేగౌడ కట్టించిన కోట, దిగువన భైరసాగరం చెరువు. ఇళ్ళలో మాట తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం. ఈ తాలూకా కేంద్రానికి రైలు లేదు. బెంగళూరు–హైదరాబాదు జాతీయ రహదారి కూడా ఊరిని తాకకుండానే పోతుంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు పేరేసంద్ర దగ్గర ఎడమకు మళ్ళాలి. ఇలాంటి చోట పనికి పోవడమంటే ముందు తేల్చుకోవలసింది దూరం. పల్లె నుంచి పాల సొసైటీకి, పొలానికి, బస్సు ఆగే క్రాసుకు, తాలూకాఫీసుకు ఉండే దూరాలు చిత్రమైనవి. నడిస్తే పొద్దు పోతుంది. బస్సు కోసం నిలబడితే అది రావడానికే అంత పొద్దు పోతుంది.

ఈ సీమలో దూరమంటే ఏమిటో హెచ్. నరసింహయ్య జీవితం చెబుతుంది. గౌరీబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన ఆయన, పై చదువు కోసం బస్సు ఛార్జీకి డబ్బుల్లేక 1935లో బెంగళూరు దాకా కాలినడకన వెళ్ళాడు. ఎనభై కిలోమీటర్లకు పైగా దారి, రెండు రోజుల నడక. ఆ కుర్రవాడే తర్వాత బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. పల్లె పిల్లలు చదువు కోసం అంత దూరం పోనక్కర్లేకుండా గౌరీబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు పెట్టించాడు. కాలేజీ దగ్గరికొచ్చినా పల్లె నుంచి కాలేజీకి ఇంకా నాలుగైదు కిలోమీటర్లు మిగిలే ఉంటాయి. సైకిలు పనికొచ్చేది సరిగ్గా అక్కడే.

లెక్క చాలా సులువు. మనిషి గంటకు అయిదు కిలోమీటర్లు నడుస్తాడు. అదే మనిషి, అదే ఒంటి సత్తువతో, మామూలు సైకిలు మీద గంటకు పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్లు పోతాడు. అయిదు కిలోమీటర్ల దూరంలో పని ఉన్నవాడికి నడక గంట, సైకిలు ఇరవై నిమిషాలు. పోనూ రానూ కలిపితే రోజుకు గంటా ఇరవై నిమిషాలు మిగులుతాయి. ఆ సమయంలో ఇంకో ఆవుకు గడ్డి కోయవచ్చు, పిల్లల్ని బడికి తయారు చేయవచ్చు, లేదా కాసేపు ఎక్కువ నిద్రపోవచ్చు. పెట్రోలు ఖర్చు లేదు, లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు. కూలి డబ్బులతో బతికేవాడికి ఈ మూడూ లేకపోవడం పెద్ద విషయం.

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల్లో వాన తక్కువ. అందుకే ఇక్కడి ఇళ్ళకు పాడి, పట్టుపురుగుల పెంపకం ఆసరా. పాలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సొసైటీకి చేరాలి. ఆలస్యమైతే తీసుకోరు. నల్లరంగు పాతకాలపు పెద్ద సైకిలు ఈ పనికే పుట్టిందా అనిపిస్తుంది. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి క్యాన్లు వేలాడతాయి. లీటరు పాలు కిలో కంటే కొంచెం ఎక్కువే తూగుతాయి కాబట్టి, ఇరవై లీటర్ల క్యాన్లు రెండు నిండితే నలభై కిలోలు దాటుతుంది. సైకిలు బరువు సుమారు ఇరవై కిలోలే. అంటే తన బరువుకు రెట్టింపు సరుకును, పైన మనిషిని కూడా మోస్తోందన్నమాట. రెండు క్యాన్లలో పాలు సమంగా లేకపోతే హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది. అందుకే తెలిసినవాళ్ళు స్టాండు తీయకముందే అటూ ఇటూ ఒంపి సరిచూసుకుంటారు. ఎక్కుడు వస్తే దిగి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి సీటు మీద వేసి నెట్టుకుంటూ నడుస్తారు. కష్టం దిగుడులోనే. ఈ సైకిళ్ళకు ఉండేవి కడ్డీ బ్రేకులు. రబ్బరు దిమ్మెలు రిమ్మును లోపలి వైపు నుంచి నొక్కుతాయి. రిమ్ము వాన నీళ్ళతో తడిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది. వానాకాలంలో క్యాన్లతో గుట్ట దిగేవాళ్ళు పాల లెక్క కంటే ముందు బ్రేకు లెక్క చూసుకోవాలి.

ఇంకో శత్రువు తుమ్మముల్లు. పంక్చరు వేయడం చూడటానికి చిన్న పనే కానీ అందులో ఒక మెళకువ ఉంది. లివర్లతో టైరు లేపి ట్యూబు బయటికి లాగుతారు. గాలి కొట్టి నీళ్ళ బేసిన్‌లో ముంచి తిప్పితే, చిల్లి ఉన్నచోట బుడగలు వస్తాయి. అక్కడ తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఆగి ప్యాచీ అంటిస్తారు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ట్యూబును లోపలికి తోసేముందు టైరు లోపలి వైపు చుట్టూ వేలితో తడిమి చూసేవాడే అసలు పనివాడు. ముల్లు మొన టైరులోనే ఉండిపోతే, బాగుచేసిన సైకిలు పది అడుగులు పోకముందే మళ్ళీ కూలబడుతుంది. ఈ పని ఇంట్లో నేర్చుకుని, చిన్న పంపు, రెండు ప్యాచీలు దగ్గర పెట్టుకున్నవాళ్ళకు సైకిలు మీద పనికి పోవాలంటే ఉండే సగం భయం పోతుంది.

దేశంలో ఎంతమంది ఇలా పనికి పోతున్నారు? 2011 జనాభా లెక్కల్లో ఈ ప్రశ్న అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసే 20 కోట్ల మందిలో దాదాపు 13 శాతం సైకిలు మీద వెళ్తున్నామన్నారు. అంటే రెండున్నర కోట్లకు పైగా మనుషులు. స్కూటరు, మోటారు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళూ ఇంచుమించు అంతే. ఆ తర్వాత లెక్క మారింది. 2011లో నూటికి 21 ఇళ్ళలో మోటారు ద్విచక్ర వాహనం ఉంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి అది 50కి చేరింది. సైకిలు ఉన్న ఇళ్ళు మాత్రం తగ్గలేదు. 2011లో 45, ఆ సర్వేలో 50. ఇంట్లో సైకిలు ఉంది, కానీ పనికి బయల్దేరే పెద్దవాడు మాత్రం బైకు తాళం అందుకుంటున్నాడు. అతన్ని తప్పు పట్టలేం. పని చోటు దూరమైంది, రోడ్డు మీద బండ్ల వేగం పెరిగింది. అయినా ఒక్కమాట చెప్పాలి. మనకు సైకిలు ఉద్యమం కొత్తగా ఎవరో మొదలుపెట్టవలసింది ఏమీ లేదు. రెండున్నర కోట్ల మంది ఎప్పుడో మొదలుపెట్టారు. వాళ్ళను లెక్కలోకి తీసుకోకపోవడమే లోపం.

ఆడవాళ్ళ విషయానికొస్తే, దక్షిణాదిలో గొప్ప ఉదాహరణ తమిళనాడులోని పుదుక్కోట్టైది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు నేర్పడం కూడా అందులో చేర్చారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మందికి పైగా ఆడవాళ్ళు అక్కడ సైకిళ్ళు తొక్కి చూపించారు. ఈ సంగతిని లోకానికి చెప్పిన పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ తెలుగు కుటుంబం నుంచి వచ్చినవారే. ఆయన రాసినదాంట్లో బలమైన విషయం డబ్బుకు సంబంధించినది. పొలం పంటను తామే ఊళ్ళకు తీసుకుపోయి అమ్ముకోవడం వల్ల, బస్సు కోసం కూర్చునే గంటలు తగ్గడం వల్ల ఆ ఆడవాళ్ళ చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చాయి. లేడీస్ సైకిళ్ళు దొరకనప్పుడు వాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే నేర్చుకున్నారు. ముందు బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయట.

కర్ణాటక ప్రభుత్వం 2006–07లో సర్కారు, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళివ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది బీహారు ఆడపిల్లలకు ఇచ్చింది. బీహారు పథకాన్ని కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. హైస్కూలు వయసులో బడిలో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్ళలోనే ఈ ఫలితం ఎక్కువని తేల్చారు. కర్ణాటకలో ఈ పథకం కొవిడ్ కాలంలో ఆగిపోయింది. పధ్నాలుగేళ్ళ వయసులో సైకిలుతో దూరాన్ని దాటడం అలవాటైన పిల్ల, పద్దెనిమిదేళ్ళకు గార్మెంట్స్ ఫ్యాక్టరీకో కాలేజీకో పోవడానికి ఎవరి తోడూ అడగదు. అందువల్ల ఆ పథకాన్ని బడి ఖర్చుగా మాత్రమే చూడటం సరికాదు. తిరిగి మొదలుపెట్టదగిన వాటిలో అది ముందు వరసలో ఉండాలి.

నగరాల సంగతి వేరు. ఆదివారం పొద్దున్నే నంది కొండకు వెళ్తే బెంగళూరు నుంచి వచ్చిన సైకిళ్ళు వరసగా వంపులు ఎక్కుతుంటాయి. వ్యాయామానికి మంచిదే. సోమవారం ఆఫీసుకు పోయేటప్పుడు మాత్రం వాళ్ళలో చాలామంది కారెక్కుతారు. కారణం రోడ్డు. 2020లో బెంగళూరు అవుటర్ రింగు రోడ్డు మీద సిల్కు బోర్డు నుంచి కె.ఆర్. పురం వైపు 17 కిలోమీటర్ల సైకిలు దారి గీశారు. ఆ రోడ్డంతా ఐటీ ఆఫీసులే కాబట్టి చోటు సరైనదే. కానీ తాత్కాలిక గుంజలు పాతి గీత గీసిన దారి, మెట్రో పనులు మొదలయ్యాక నిలవలేదు. హైదరాబాదులో 2023 అక్టోబరు 1న ఇంకో రకం దారి తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా కలిపి 23 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌర ఫలకాల కప్పు. ఎండకు నీడ, 16 మెగావాట్ల కరెంటు రెండూ దొరుకుతాయి. కట్టడం గట్టిది. ఇల్లు విడిచి ఆ దారి దాకా చేరడం, దారి దిగి ఆఫీసు గేటు దాకా పోవడం మాత్రం మళ్ళీ కార్ల మధ్యే. ఆ రెండు ముక్కలూ అతికితేనే అది పనికి పోయే దారి అవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో సైకిలు మీద పోతున్నవాళ్ళు నాలుగు వేలకు పైనే.

అంత ప్రమాదం ఉన్నా తొక్కితే ఒంటికి లాభమేనా అని అడిగేవాళ్ళుంటారు. 2017లో గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు బ్రిటన్‌లో రెండు లక్షల అరవై వేల మందిని అయిదేళ్ళు గమనించి ఫలితాలు ప్రకటించారు. సైకిలు మీద పనికి పోయేవాళ్ళకు ఆ కాలంలో మరణించే ముప్పు, కార్లలోనూ బస్సుల్లోనూ పోయేవాళ్ళ కంటే 41 శాతం తక్కువ. పొగతాగడం, తిండి, బరువు వంటి తేడాలను లెక్కలోంచి తీసేశాక మిగిలిన అంతరం ఇది. బ్రిటన్ రోడ్లు మనవి కావు నిజమే. అయినా గుండె ఎక్కడైనా గుండే.

మన దగ్గర ఇంకో అడ్డంకి పరువు. ఉద్యోగం వచ్చాక సైకిలేమిటని ఇంట్లోవాళ్ళే అంటారు. పుచ్చలపల్లి సుందరయ్యను ఇక్కడ గుర్తుచేసుకోవడం న్యాయం. 1952లో రాజ్యసభకు ఎన్నికైన ఆ నెల్లూరు జిల్లా కమ్యూనిస్టు నాయకుడు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. ఆయన పార్టీ అభ్యర్థిని 1994లోనూ 2004లోనూ అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం బాగేపల్లి. ఇప్పుడు గుడిబండె ఉన్నది ఆ నియోజకవర్గంలోనే. ఈ పేరు ఇక్కడి వాళ్ళకు పరాయిది కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అయిదు కిలోమీటర్ల లోపు దూరం మంచిది. సీటు ఎత్తు సరిగ్గా పెట్టుకోవాలి. పెడలు కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ళు నొప్పెడతాయి, తప్పు సైకిలుదనుకుని మూలన పడేస్తారు. వెనక ఎర్ర లైటు, చక్రాలకు మెరిసే స్టిక్కర్లు తప్పనిసరి. పొద్దుగూకాక జాతీయ రహదారి ఎక్కకుండా సర్వీసు రోడ్డు పట్టడం మేలు. ఎక్కుడు దిగుళ్ళు ఎక్కువున్న ఊళ్ళలో బ్యాటరీ సైకిలు గురించి ఆలోచించవచ్చు. మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకపోతే దానికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. మామూలు సైకిళ్ళ మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కు దిగింది.

ఇక చేయవలసింది బస్టాండుల దగ్గర. బెంగళూరు దాకా ఎవరూ తొక్కుకుంటూ పోరు. పల్లె నుంచి బస్సు దాకా తొక్కి, అక్కడ సైకిలు పెట్టి, సాయంత్రం మళ్ళీ తీసుకునే వీలుంటే చాలు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ రైలు స్టేషను కింద 12,500 సైకిళ్ళు పెట్టే చోటు కట్టారు, 2019 నాటికి మొత్తం తెరిచారు. గుడిబండెకూ పేరేసంద్ర క్రాసుకూ అందులో నూరో వంతు చోటు, పైన రేకు, సైకిలును గొలుసుతో కట్టుకోవడానికి భూమిలో పాతిన ఇనుప కడ్డీ, రాత్రికి ఒక లైటు సరిపోతాయి. ఒక కారు పట్టే చోటులో పది సైకిళ్ళు పడతాయి. పంచాయతీ బడ్జెట్టులో ఇది చాలా చిన్న పద్దు.