సిరిపురంలో ఒక్క రోజు

బదిలీ ఉద్యోగంలో ఉన్నవాళ్ళం మేము. ఒక ఊళ్ళో సామాను విప్పి, పాలవాడి పేరూ కూరగాయల బజారు దారీ తెలిసేసరికి మరో ఊరికి ఉత్తర్వు వస్తుంది. ఇన్నేళ్ళలో ఎన్ని ఊళ్ళు మారామో లెక్క చెప్పగలం గానీ, ఆ ఊళ్ళలో ఏం చూశారని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి తడుముకుంటాం. "ఇక్కడే ఉంటాం కదా, తర్వాత చూద్దాం" అనుకోవడమే దానికి కారణం. ఆ 'తర్వాత' రాకముందే పెట్టెలు సర్దుకోవలసి వస్తుంది.

ఇప్పుడు రాయపూర్‌లోని పండరీలో ఉంటున్నాం. బట్టల బజారుకు పేరుపడ్డ పేట ఇది. నగరం పెద్ద బస్టాండు కూడా ఒకప్పుడు ఇక్కడే ఉండేది, తర్వాత భాటాగావ్‌కు తరలిపోయింది. "బస్టాండుకే బదిలీ తప్పలేదు, మనమెంత!" అని ఇంట్లో నవ్వుకుంటూ ఉంటాం.

ఒకరోజు తెలుగు తరగతిలో అజంత భాష అంటే ఏమిటో చెబుతున్నాం. తెలుగు మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి. ఇటాలియన్ భాషలోనూ అంతే. అందుకే తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అంటారని చెప్పాం. అంతే, పిల్లలు పాఠం వదిలేసి ఇటలీ మీద పడ్డారు. ఒక్క రోజే సమయం ఉంటే ఏ ఊరు చూడాలని వాదన మొదలైంది. ఒకరు పీసా వాలు గోపురం అన్నారు, ఒకరు రోమ్ అన్నారు, ఒకరు వెనిస్ పడవలు అన్నారు. కాసేపు విని, "సరే, మనకు దగ్గర్లో కూడా ఒక పాత రాజధాని ఉంది, సిర్పూర్. ఎవరైనా చూశారా?" అని అడిగాం.

"మా తాతగారి ఊరికి వెళ్ళేటప్పుడు రైల్లోంచి చూశాను మేడమ్, కాగితం మిల్లు ఉంటుంది" అన్నాడొక అబ్బాయి. అది తెలంగాణలోని సిర్పూర్ కాగజ్‌నగర్. మేము అడిగింది ఛత్తీస్‌గఢ్ సిర్పూర్. రాయపూర్‌కు సుమారు 80 కిలోమీటర్లు. తరగతిలో ఒక్కరూ చూడలేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, "మాకు ఏప్రిల్‌లో బదిలీ మేడమ్. మూడేళ్ళున్నాం, ఇల్లూ బడీ తప్ప ఏమీ చూడలేదు" అంది. ఆ మాట మా గురించే అన్నట్టుంది. తల్లిదండ్రులతో మాట్లాడి ఆ వచ్చే ఆదివారమే ప్రయాణం నిశ్చయించాం.

ఒక్క రోజులో ఒక రాజధానిని చూడగలమా? అన్నీ చూడాలనుకుంటే చూడలేం. ఇదివరకు ఒక ఊళ్ళో మేము పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పది చోట్లకు పరుగులు పెట్టి, ఫోటోలు మాత్రం మిగుల్చుకొని వచ్చాం. ఏ ఫోటో ఏ చోటిదో ఇప్పుడు గుర్తులేదు. అందుకే ఈసారి మూడే ప్రశ్నలు నోటు పుస్తకంలో రాసుకొని బయలుదేరాం. ఈ ఊరికి ఆ పేరెందుకు వచ్చింది? దీన్ని ఎవరు, దేనితో కట్టారు? ఇక్కడికి మనకంటే ముందు ఎవరు వచ్చారు?

మొదటి ప్రశ్నకు జవాబు మన తెలుగు వ్యాకరణంలోనే దొరికింది. ప్రకృతి-వికృతుల పాఠంలో శ్రీ-సిరి అని చదువుకున్నాం కదా! సిర్పూర్ పాత పేరు శ్రీపురం. జనం నోట శ్రీ 'సిరి' అయి, సిరిపురం సిర్పూర్ అయింది. దక్షిణ కోసలమనే రాజ్యానికి ఇది రాజధాని. శరభపురీయులు, వారి తర్వాత పాండువంశీయులు ఇక్కడి నుంచి పాలించారు. ఇప్పుడది మహాసముంద్ జిల్లాలో చిన్న పల్లె.

ఆరంగ్ దాటాక రోడ్డు మహానది మీదుగా వెళుతుంది. వంతెన మీద పిల్లలు కిటికీల దగ్గర మూగారు. ధమ్‌తరి జిల్లాలోని సిహావా కొండల్లో పుట్టిన ఈ నది ఒడిశా మీదుగా సముద్రానికి చేరుతుంది. సిర్పూర్ దీని తూర్పు ఒడ్డున ఉంది. తాగునీరు, పంటనీరు, పడవ దారి, మూడూ ఒకే చోట దొరికే ఒడ్డును రాజులు ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. కూహరీ దగ్గర పెద్ద రోడ్డు వదిలి ఎడమకు తిరిగితే కాసేపట్లో సిర్పూర్ వస్తుంది.

ముందుగా లక్ష్మణ దేవాలయానికి వెళ్ళాం. పేరు లక్ష్మణుడిదైనా కట్టింది విష్ణువు కోసం. 7వ శతాబ్ది తొలినాళ్ళ నాటిదని సాధారణంగా చెబుతారు. కట్టించింది ఎవరో ఊహించుకోవలసిన పని లేదు, శాసనమే చెబుతోంది. మగధకు చెందిన సూర్యవర్మ కూతురు, హర్షగుప్తుడి భార్య వాసటాదేవి. భర్త పోయిన తర్వాత ఆమె ఈ గుడి కట్టించింది. అప్పటి రాజు ఆమె కొడుకు మహాశివగుప్త బాలార్జునుడు. అతడు కనీసం 57 ఏళ్ళు రాజ్యం చేసినట్టు తామ్రశాసనాల వల్ల తెలుస్తోంది. కొడుకు శివభక్తుడు, తల్లి విష్ణువుకు గుడి కట్టించింది, అదే రాజ్యంలో బౌద్ధ విహారాలూ లేచాయి.

ఆ శాసనం గుడి శిథిలాల్లో దొరికింది. ఇప్పుడు రాయపూర్‌లోని మహంత్ ఘాసీదాస్ సంగ్రహాలయంలో ఉంది. 1875లో మొదలైన సంగ్రహాలయం అది. పండరీ పిల్లలకు సిర్పూర్ కథలో సగం ఇంటి దగ్గరే ఉందన్నమాట. శాసనంలో ఒక సంగతి పిల్లలకు బాగా నచ్చింది. గుడి నిర్వహణకు ఊళ్ళు దానమిచ్చి, వాటి ఆదాయంలో భాగం పొందేవారు చదువుకున్నవారై ఉండాలని, జూదరులై ఉండకూడదని షరతు పెట్టారు. "మన బడి నిబంధనల్లాగే ఉన్నాయి" అన్నాడొకడు.

ఇక దేనితో కట్టారన్నది రెండో ప్రశ్నలో రెండో సగం. ఎత్తైన రాతి అరుగు మీద గుడి నిలబడి ఉంది. ద్వారబంధం రాతిది. దాని మీద శేషశయనుడైన విష్ణువు, పక్కన అవతారాలు ఉన్నాయి. మిగిలిన గర్భగుడీ, పైన శిఖరమూ అంతా ఇటుకే. ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు దాదాపు కనబడదు. గోడలకు కిటికీల్లాంటివి, చిన్న చిన్న గూళ్ళు చెక్కారు. అవి అచ్చులో పోసినవి కావు, గోడ పేర్చాక ఇటుక మీదే ఉలితో చెక్కినవని చెబుతారు. రాయి మీద తప్పు పోతేనే కష్టం, ఇటుక మీద పెచ్చు ఊడితే ఇక సరిదిద్దలేం. ముందున్న మండపం మాత్రం పోయింది, స్తంభాల మొదళ్ళు మిగిలాయి. శిఖరం కొస కూడా లేదు.

రాయపూర్‌లో పుట్టి పెరిగిన అబ్బాయి ఒకడు "ఈ ఈంట్‌లు ఎంత చక్కగా ఉన్నాయో" అన్నాడు. తెలుగులో చెప్పమంటే నాలుక్కరుచుకున్నాడు. అక్కడే చిన్న పాఠం నడిచింది. సంస్కృతంలో ఇష్టక. అది ఇటు తెలుగులో ఇటుక అయింది, అటు హిందీలో ఈంట్ అయింది. ఒకే మట్టితో చేసిన రెండు మాటలు. పక్కవాడి భాష నేర్చుకుంటే మన భాష పోతుందని భయపడనక్కరలేదు, రెండూ వస్తేనే ఈ చుట్టరికం తెలుస్తుంది.

ఇటలీ సంగతి ఇక్కడ మళ్ళీ వచ్చింది. ఫ్లోరెన్స్ నగరంలో బ్రునెలెస్కి కట్టిన పెద్ద ఇటుక గుమ్మటం 1436లో పూర్తయింది. దాన్ని చూడటానికి లోకమంతా వెళుతుంది. ఈ ఇటుక గుడి దానికంటే సుమారు ఎనిమిది వందల ఏళ్ళు పాతది. ఎవరు గొప్ప అన్న పోటీకి చెప్పడం లేదు. అక్కడి పనితనాన్ని మెచ్చుకోగల కళ్ళకు ఇక్కడిది కూడా కనబడాలని చెబుతున్నాం.

తర్వాత సురంగ్ టీలాకు వెళ్ళాం. టీలా అంటే దిబ్బ. 2005-06లో తవ్వేదాకా అది నిజంగా దిబ్బే. మట్టి తీశాక తెల్లరాతి మెట్లతో ఎత్తైన అరుగు, దాని మీద అయిదు గర్భగుళ్ళున్న పంచాయతన ఆలయం బయటపడ్డాయి. ఆ మెట్లు నిటారుగా ఉండటమే కాదు, వంకర తిరిగి ఉంటాయి. కొన్నిచోట్ల అలల్లా కుంగాయి. పాత భూకంపం వల్ల అలా అయిందని తవ్వకం జరిపించిన పురావస్తు శాస్త్రవేత్త అరుణ్ కుమార్ శర్మ చెప్పారు.

"మన పీసా ఇదే" అని పిల్లలు కేకలు పెట్టారు. పోలిక బాగానే ఉంది గానీ కారణాలు వేరు. పీసా గోపురం 1173లో మొదలైంది. కింద నేల మెత్తన కావడంతో కడుతుండగానే ఒరిగింది. ఇక్కడ కట్టడం పూర్తయి, పూజలందుకున్న తర్వాత నేల కదిలిందంటున్నారు. ఒరిగిన కట్టడం కనబడితే ముందు అడగవలసింది ఎంత ఒరిగిందని కాదు, ఎందుకు ఒరిగిందని.

మధ్యాహ్నం చెట్ల కింద పులిహోర తిన్నాక ఆనందప్రభు కుటీ విహారం చూశాం. ఆనందప్రభుడనే భిక్షువు బాలార్జునుడి కాలంలో కట్టించింది. నడుమ ముంగిలి, చుట్టూ భిక్షువుల గదులు, ఎదురుగా బుద్ధుడి విగ్రహం. హాస్టల్‌లా ఉందన్నారు పిల్లలు. నిజమే, అది చదువుకునేవాళ్ళు ఉన్న చోటు.

మూడో ప్రశ్నకు జవాబు అక్కడ కూర్చొని చెప్పుకున్నాం. 639 ప్రాంతంలో చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ కళింగం మీదుగా కోసలానికి వచ్చాడు. ఆ కోసల రాజధాని ఈ సిర్పూరేనని చాలామంది భావిస్తారు. ఇక్కడ సుమారు నూరు సంఘారామాలున్నాయని రాశాడు. తర్వాత ఎటు వెళ్ళాడో తెలుసా? దక్షిణంగా ఆంధ్రదేశానికి. ముందు వేంగి, తర్వాత ధాన్యకటకం, అంటే మన అమరావతి ప్రాంతం.

ఆ మాటకు పిల్లలు ఒక్క క్షణం ఆగిపోయారు. మా పిల్లల్లో చాలామంది సెలవుల్లో రాయపూర్-విజయనగరం రైలు దారిలోనే అమ్మమ్మ ఇంటికి వెళతారు. వాళ్ళకు ఛత్తీస్‌గఢ్ అంటే నాన్న ఉద్యోగం ఉన్న చోటు, ఆంధ్ర అంటే సొంత ఊరు. ఈ రెంటినీ కలిపే దారి పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితమే నడిచిందని తెలిస్తే, పరాయి ఊళ్ళో ఉన్నామన్న బెరుకు కాస్త తగ్గుతుంది. హుయాన్ త్సాంగ్ కూడా ప్రతి చోటా కొన్నాళ్ళే ఉన్నాడు. కానీ చూసింది రాసిపెట్టాడు.

చివరగా నది ఒడ్డున గంధేశ్వర ఆలయానికి వెళ్ళాం. శిథిలమైన పాత కట్టడాల స్తంభాలనూ శిల్పాలనూ తెచ్చి ఈ గుడిలో వాడుకున్నారు. ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. స్వస్తిక విహారం, తీవరదేవ విహారం, సంగ్రహాలయం చూడలేదు. సమయం చాలలేదు. ఈసారి ఆ లోటు మాకు బాధ అనిపించలేదు, మళ్ళీ రావడానికి ఒక కారణం మిగిలింది.

సోమవారం అందరినీ ఒక పేజీ రాయమన్నాం. ఏప్రిల్‌లో వెళ్ళిపోయే అమ్మాయి తెలుగులో రాసింది. పొల్లులూ వత్తులూ కొన్ని తప్పాయి. చివర ఇలా ఉంది: "కొత్త బడిలో రాయపూర్‌లో ఏముంది అని అడిగితే, ఒక అమ్మ కట్టించిన ఇటుక గుడి ఉంది అని చెప్తాను." మేము తప్పులు దిద్ది, ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశాం.

విద్యార్థులారా, మీలోనూ చాలామంది బదిలీల మీద తిరిగేవారే. మీరున్న చోట కూడా ఒక రోజు ప్రయాణంలో ఒక పాత ఊరు ఉండే ఉంటుంది. టి.సి. తీసుకునే ముందే ఒక ఆదివారం అక్కడికి వెళ్ళండి. మూడు ప్రశ్నలు రాసుకొని వెళ్ళండి. తిరిగి వచ్చి ఒక పేజీ రాయండి, మీ మాతృభాషలో రాయండి.