అవ్వ పాటకు ఆసరా.. ఇంట్లో కట్టిన బోర్డు

హోసూరు: ముప్పై ఏళ్లనాటి క్యాసెట్. పైన సిరా చెరిగిన కాగితం. లోపల అవ్వ పాడిన కోలాటం పాటలు. ఆమె ఇప్పుడు లేరు. ఇంకో కాపీ కూడా లేదు. టేపు తెగిందా, ఆ గొంతు అంతే! హోసూరులోని ఓ తెలుగు కుటుంబానికి వచ్చిన చిక్కు ఇది. రేడియోలు, టీవీలు బాగుచేసే ఆ ఇంటి పెద్ద కొడుకు తన చేతులతోనే దారి వెతికాడు. పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించే సర్క్యూట్ బోర్డును ఇంట్లోనే కట్టాడు.

ల్యాప్‌టాప్ మైకు రంధ్రానికి వైరు తగిలిస్తే సరిపోదా? సరిపోదు. చాలా వాటిలో అది ఒకే చానల్. మైకు కోసం చేసింది కాబట్టి, టేప్‌రికార్డర్ నుంచి వచ్చే శబ్దం అక్కడ పగిలిపోతుంది.

ఎస్పీ రోడ్డు సరుకు

హోసూరుకు బెంగళూరు సుమారు 40 కిలోమీటర్లు. విడిభాగాలు కావాలంటే ఎస్పీ రోడ్డుకు బస్సెక్కాల్సిందే. అక్కడి నుంచి తెచ్చుకున్న వాటిలో ముఖ్యమైంది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పీసీఎం2902 చిప్. శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఒకదానికి సరిపెట్టి అంకెగా మారుస్తుంది. కంప్యూటర్ యూఎస్‌బీ నుంచే 5 వోల్టుల కరెంటు తీసుకుంటుంది. దీనికి 28 కాళ్లు. కాలికీ కాలికీ మధ్య దూరం 0.65 మిల్లీమీటర్లే. కళ్లద్దాల మీద భూతద్దం పెట్టుకుని, ఫ్లక్స్ పూసి, ఒక్కో కాలూ అతికించడానికి ఓ రాత్రి పట్టింది. పక్కన 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, కెపాసిటర్లు, రెసిస్టర్లు. అంతా కలిపి అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత.

ఎదురుచూస్తే మౌనం

కరెంటు ఇచ్చే ముందే మల్టీమీటర్ పట్టాడు. 5 వోల్టుల గీతకూ గ్రౌండుకూ షార్ట్ లేదు. ముందుగా ఫోన్ చార్జర్‌తో కరెంటిచ్చి చూస్తే చిప్ వేడెక్కలేదు. లోపలి 3.3 వోల్టులు కూడా సరిగ్గా వచ్చాయి. అయినా కంప్యూటర్‌కు తగిలించగానే ‘గుర్తుతెలియని పరికరం’ అంది. రెండు రోజులు వెతికితే తప్పు దొరికింది. యూఎస్‌బీ తీగలో తెల్లది, పచ్చది తారుమారయ్యాయి. చిప్ తన ఉనికి చెప్పుకోవాల్సిన 1.5 కిలోఓమ్‌ల రెసిస్టర్ పచ్చ తీగ వైపు ఉండాలి. అది తెల్ల తీగ మీదకు పోయింది. మార్చి అతికించాక కంప్యూటర్ వెంటనే గుర్తుపట్టింది.

ఈసారి ఇంకో తంటా. పాట వెనుక ‘గుయ్’మంటూ ఒకటే మోత. ల్యాప్‌టాప్ చార్జర్ ప్లగ్ పీకగానే ఆగిపోయింది. టేప్‌రికార్డర్, చార్జర్ రెండూ గోడ కరెంటుకే కట్టి ఉండటంతో గ్రౌండు తీగల్లో చుట్టు ఏర్పడింది. అప్పటి నుంచి రికార్డింగ్ బ్యాటరీ మీదే.

అత్త పాట ముందు వద్దు

‘‘మా అత్త పాట ముందు పెట్టొద్దు నాయనా, వేరే క్యాసెట్ పెట్టి చూడు’’ అని తల్లి గట్టిగా చెప్పింది. అలాగే పాత సినిమా క్యాసెట్లతో పరీక్షలు సాగాయి. టేపులో శబ్దం కాస్త హద్దు దాటినా సర్దుకుపోతుంది. అంకెల్లో అలా కాదు, దాటిన చోట అల తల తెగిపోతుంది. అందుకే గరిష్ఠానికి 12 డెసిబెల్స్ కిందే ఉండేలా మట్టం పెట్టాడు. హెడ్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడిచాడు. ఒదులైన క్యాసెట్ డబ్బా విప్పి, టేపు చుట్టలను కొత్త డబ్బాలోకి మార్చాడు. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ గజ్జెల చప్పుడు తేటపడే చోట ఆపాడు.

చివరికి అసలు క్యాసెట్. ఒక వైపు 30 నిమిషాలు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. టేపు తెగలేదు. కంప్యూటర్‌లో సుమారు 318 ఎంబీల ఫైలు తయారైంది. ‘‘అదే గొంతు’’ అంటూ తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

చెవి మిగిలింది

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఒకటో తరగతితో మొదలై, 2016 నాటికి పదో తరగతి పరీక్షల దాకా చేరింది. ఈ ఇంటి మనవడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. పుస్తకంలో ఉంటే అవ్వ పాట అతడికి అందేది కాదు. వింటున్నాడు కాబట్టి అందింది. ఇప్పుడు ఆ పాటలను తమిళ లిపిలో రాసుకుని కోలాటం అడుగులతో సరిచూసుకుంటున్నాడు. అర్థంకాని మాట వస్తే పాట ఆపి నానమ్మను అడుగుతున్నాడు.

ఫైలును మూడు చోట్ల దాచారు. క్యాసెట్‌ను మాత్రం పారేయలేదు. బీరువాలో, పట్టుచీరల పక్కనే పెట్టారు. ఇరుగుపొరుగు ఇళ్ల నుంచీ పాత క్యాసెట్లు ఒకటొకటిగా మెకానిక్ బల్ల మీదికి చేరుతున్నాయి.