నకలు ఎక్కడుంది?

లినక్స్ గురించి ఒక వ్యాసం రాయమని విద్యార్థి సంఘం వారు అడిగారు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు దానిని మొదలుపెట్టిన సంగతి మీకు తెలిసిందే. ఆ చరిత్ర మళ్ళీ చెప్పి పేజీలు నింపడం నాకిష్టం లేదు. ఈ కళాశాలలోనే చదువుకుని, ఇప్పుడు కర్నూలులో ఒక శాఖ, కడపలో ఒక శాఖ ఉన్న కార్యాలయంలో సర్వర్లు చూసుకుంటున్నవాణ్ణి గనుక, రోజూ నా చేతిలో ఉండే పనిముట్ల గురించి, అందులోనూ ఒక్క పనికి సంబంధించిన వాటి గురించే చెబుతాను. ఆ పని నకలు తీసి భద్రపరచడం. బ్యాకప్ అని అందరూ అనేది దాన్నే.

కరువు సీమలో పుట్టిన మనకు నీళ్ళు లేకపోతే ఏం చేయాలో తెలుసు గానీ, నీళ్ళు ఇంట్లోకొస్తే ఏం చేయాలో తెలియదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఆ సంగతి బయటపడింది. నీళ్ళు దిగిన తర్వాత మా వీధిలో ప్రతి మిద్దె మీదా ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు రాళ్ళు బరువుపెట్టి ఎండబెట్టుకున్నారు. సిరా కరిగిపోయిన కాగితం ఎంత ఎండితే ఏం లాభం? నాకు తెలిసిన ఒక కార్యాలయంలో కంప్యూటరు గది కింది అంతస్తులో ఉండేది. నకలు తీసిన సీడీలు ఆ గదిలోనే, ఇనుప బీరువాలో, తాళం వేసి మరీ! అసలూ నకలూ కలిసే మునిగాయి. కడపకూ ఈ బాధ తప్పలేదు. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అప్పట్లో కడప జిల్లాలోనే ఉన్న రాజంపేట ప్రాంతపు ఊళ్ళ మీద పడింది.

రెండు ఊళ్ళూ ఒకే రోజు మునగవని మా నమ్మకం. అందుకే కర్నూలు నకలు కడపలో, కడప నకలు కర్నూలులో పెట్టుకున్నాం. మధ్యలో సుమారు రెండువందల కిలోమీటర్లు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు తీసుకుని కడప దాకా పారే కె.సి. కాలువను 1860లలో తవ్వారు. మా సమాచారం కూడా ఆ కాలువ వెంబడే రాత్రిపూట పారుతుందని మాలో మేం తమాషాకు అనుకుంటుంటాం.

ఆ కాలువ పని చేసే పనిముట్టు పేరు ఆర్‌సింక్. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ దానిని తయారుచేశారు. ఇందులోని తెలివి గమనించదగ్గది. కర్నూలులో ఒక పెద్ద పట్టిక ఉందనుకోండి, దాని నిన్నటి నకలు కడపలో ఉంది. ఈరోజు పట్టిక మొదట్లో ఒక పేరు చేర్చారు. మొత్తం మళ్ళీ పంపాలా? అక్కర్లేదు. కడప యంత్రం తన పాత నకలును ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు వేలిముద్ర లాంటి ఒక చిన్న సంఖ్యను లెక్కగట్టి, ఆ ముద్రలను మాత్రం కర్నూలుకు పంపుతుంది. కర్నూలు యంత్రం తన కొత్త పట్టిక వెంబడి ఒక్కో బైటూ జరుపుకుంటూ ఆ ముద్రలు ఎక్కడ కలుస్తాయో వెతుకుతుంది. పైన ఒక పేరు చేరి వరుసలన్నీ కిందికి జరిగినా సరే, పాత ముక్కలు దొరికిపోతాయి. దొరకని భాగం మాత్రమే తీగ మీద ప్రయాణం చేస్తుంది. ఇక పరిమాణమూ, చివరిసారి మార్చిన సమయమూ రెండూ మారని ఫైళ్ళ జోలికే అది పోదు.

వాడేవాళ్ళు రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాల. మొదటిది, ఫోల్డరు పేరు చివర గీత, అంటే స్లాష్. అది ఉంటే లోపలి సరుకు మాత్రం పోతుంది, లేకుంటే ఫోల్డరు ఫోల్డరే పోయి ఇంకో ఫోల్డరులో కూర్చుంటుంది. రెండవది డిలీట్ అనే ఐచ్ఛికం. అసలులో లేనిదాన్ని నకలులో కూడా తుడిచేయమని దానర్థం. ఎవరైనా పగలు పొరపాటున మార్కుల ఫోల్డరు చెరిపేస్తే, రాత్రి ఆర్‌సింక్ ఎంతో విధేయంగా కడపలో కూడా చెరిపేస్తుంది. కాబట్టి ముందు హైఫన్ ఎన్ అని చేర్చి ఉత్తుత్తి ప్రయోగం చేసి చూడాలి. ఏమేం చేయబోతుందో చెబుతుంది, ఏమీ చేయదు.

అయితే ఉత్తుత్తి ప్రయోగంతో ఈ ప్రమాదం పూర్తిగా తీరదు. అద్దంలో బొమ్మ వంటి నకలు అసలుతోపాటే చెడుతుంది. ఏ రోజు నకలు ఆ రోజుకు విడిగా ఉండాల. అట్లయితే 40 జీబీ సమాచారానికి నెలకు 1200 జీబీ చోటు కావాలి కదా అంటారు. ఇక్కడే హార్డ్ లింకు అనే సదుపాయం పనికొస్తుంది. ఒకే పిల్లవాడికి ఇంట్లో ముద్దుపేరు, బళ్ళో హాజరుపట్టీ పేరు ఉన్నట్టు, డిస్కు మీద ఉన్న ఒకే సరుకుకు ఎన్ని పేర్లైనా పెట్టొచ్చు. ఆఖరి పేరు పోయేదాకా సరుకు పోదు. ఆర్‌సింక్‌లో లింక్‌డెస్ట్ అనే ఐచ్ఛికం ఇచ్చి నిన్నటి ఫోల్డరును చూపిస్తే, మారని ఫైళ్ళకు కొత్త పేరు మాత్రం పెట్టి, మారినవాటిని కొత్తగా రాస్తుంది. రోజుకు 1 జీబీ మేరకు ఫైళ్ళు మారితే 30 రోజుల నకళ్ళు 70 జీబీలో సరిపోతాయి. ప్రతి తేదీ ఫోల్డరూ తెరిస్తే పూర్తిగానే కనిపిస్తుంది. ముప్పై పేర్లున్నా సరుకు ఒక్కటే గనుక, డిస్కు మీద ఆ చోటు చెడితే ముప్పై రోజులూ పోతాయి. అందుకని వారానికోసారి ఇంకో డిస్కు మీద వేరే పూర్తి నకలు తీస్తాం.

కర్నూలు పంపించాలా, కడప వచ్చి తీసుకుపోవాలా అన్న ప్రశ్న కూడా ఉంది. కడపే వచ్చి తీసుకుపోవాలని నా అభిప్రాయం. 2017 మే నెలలో వాన్నాక్రై అనేది దేశదేశాల విండోస్ యంత్రాల ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. లినక్స్ మీద పడేవి కూడా ఉన్నాయి. కర్నూలు యంత్రం దొంగల చేతికి చిక్కినప్పుడు, దాని దగ్గర కడప తాళంచెవి ఉంటే నకలు కూడా వాళ్ళదే. ఈ రాకపోకలకు ఎస్‌ఎస్‌హెచ్ వాడతాం. 1995లో దాన్ని రాసిన టాటూ యులోనెన్ కూడా ఫిన్లండ్ వాడే. ఆ చలిదేశంలో వాళ్ళకు ఇంకేం పనిలేదేమో! రహస్యపు చెవి ఉన్న ఫైలుకు అనుమతి 600 ఉండాలి. ఇతరులు చదవగలిగేట్టుంటే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడనే వాడదు.

ఇదంతా రోజూ రాత్రి 2 గంటలకు నడిపించేది క్రాన్. ప్రతి నిమిషం లేచి, ఈ నిమిషంలో చేయాల్సిన పని ఉందా అని పట్టిక చూసుకుని మళ్ళీ పడుకునే కాపలాదారు అది. ఆ నిమిషంలో కరెంటు పోయి యంత్రం ఆగిపోతే ఆ రోజు పని అంతే సంగతులు. తర్వాత లేచాక జరిగిపోయిన గంటను అది తలచుకోదు. మన ప్రాంతపు ఎండాకాలంలో ఇది చిన్న విషయం కాదు. అనాక్రాన్ అనేది చివరిసారి ఏ తేదీన పని జరిగిందో రాసిపెట్టుకుని, తప్పిపోయినదాన్ని యంత్రం లేచాక చేస్తుంది. సిస్టమ్‌డి టైమర్లలో పర్సిస్టెంట్ అని పెట్టినా అదే ఫలితం. ఇంకో మాట: మీరు కూర్చుని నడిపితే చక్కగా నడిచిన స్క్రిప్టు క్రాన్ కింద నడవకపోవచ్చు. దానికి తెలిసిన దారులు తక్కువ గనుక, ప్రతి పనిముట్టుకూ పూర్తి చిరునామా రాయాలి.

డేటాబేసును మాత్రం నడుస్తుండగా ఫైళ్ళుగా ఎత్తుకుపోకూడదు. సగం పాతది, సగం కొత్తది వస్తుంది. ముందు దాని డంప్ తీసి, ఆ డంప్‌ను పంపాలి.

తెలుగు శాఖ అధ్యాపకులకు ప్రత్యేకంగా ఒక మనవి. యుటిఎఫ్ 8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. కర్నూలు అనే మాటలో గుణింతపు గుర్తులు, పొల్లుతో కలిపి 7 గుర్తులు, అంటే 21 బైట్లు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టి 4 పద్ధతిలో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. అనగా 85 గుర్తులే. విండోస్‌లో పేరు 255 గుర్తుల దాకా పోవచ్చు. పరిశోధన వ్యాసం శీర్షిక మొత్తాన్నీ ఫైలుకు పేరుగా పెట్టేవారి ఫైలు సరిగ్గా ఈ కారణంగానే నకలులోకి రాకుండా మిగిలిపోతుంది. తప్పు జరిగిందని ఆర్‌సింక్ ఒక వరుస రాస్తుంది గానీ, ఆ వరుస చదివేవాళ్ళు ఎవరు?

అందుకే తెచ్చి చూసుకోవడం తప్పనిసరి. మేం మూడు నెలలకోసారి ఒక ఖాళీ యంత్రం తీసుకుని కడప నకలు నుంచి మొత్తం నింపుతాం. తర్వాత హైఫన్ ఎన్, హైఫన్ సి రెండూ కలిపి ఆర్‌సింక్ నడిపితే, తేదీలను నమ్మకుండా లోపలి సరుకునే పోల్చి తేడాలు చూపిస్తుంది. పట్టిక ఖాళీగా వస్తే సంతోషం. ఎంతసేపు పట్టిందో కూడా రాసుకుంటాం, ఎందుకంటే నిజంగా అవసరం పడిన రోజు పైవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఆసక్తి ఉన్న విద్యార్థులు దీన్ని చదివి వదిలేయనక్కర్లేదు. ప్రయోగశాలలో మూలపడిన పాత కంప్యూటర్లు రెండు, ఒక నెట్‌వర్కు కేబులు చాలు. ఒకదానికి కర్నూలు, రెండోదానికి కడప అని పేరు పెట్టండి. వారం రోజులు నకళ్ళు తీశాక కర్నూలు డిస్కు ఊడబీకి, ఖాళీ డిస్కు పెట్టి, కడప నుంచి నింపి చూడండి.