పేరు – చిరునామా

ఒక మనిషిని మరొక మనిషి నుండి వేరుచేసి చూపే గుర్తు పేరు. ఒకే పేరు ఇద్దరికి ఉన్నప్పుడు ఆ గుర్తు చాలదు. దానికి మరొక మాటను చేర్చవలసి వస్తుంది. 13వ శతాబ్దంలో నెల్లూరి మనుమసిద్ధి కొలువులో ఇద్దరు తిక్కనలుండేవారు. ఇద్దరూ మంత్రి భాస్కరుని మనుమలే, వరుసకు అన్నదమ్ములు. మహాభారతంలోని పదిహేను పర్వాలను తెనిగించినవాడు తిక్కన సోమయాజి. కాటమరాజుతో జరిగిన పోరులో కత్తి పట్టినవాడు ఖడ్గ తిక్కన. ఒక్క మాట చేర్చినందువలన ఏడు వందల ఏండ్లు గడచినా ఒకరి కీర్తి మరొకరి ఖాతాలో పడలేదు. పేరు చేసే పని ఇదే. నేడు సామాజిక మాధ్యమాలలో మనం ఎంచుకొనే యూజర్‌నేమ్ చేయవలసిన పని కూడా ఇదే.

తూర్పు కనుమలలోని అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, పాడేరు ప్రాంతాలలో భగత, కొండదొర, కోటియ, పోర్జ, వాల్మీకి మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. వీరిలో పలువురి ఇంటిపేర్లు ప్రకృతితో ముడిపడినవి. కొర్రా వారికి సూర్యుడు, కిల్లో వారికి పులి, వంతల వారికి పాము, గొల్లోరి వారికి కోతి, పాంగి వారికి గద్ద గోత్రచిహ్నాలు. ఒకే గోత్రం వారు తోబుట్టువులుగా మెలగుతారు. వారి నడుమ వివాహం జరగదు. ఇక పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం ఈ కొండలలో ఉన్న మరొక ఆచారం. బుధవారం పుట్టినవారు బుద్ర, బుద్రి. శుక్రవారం పుట్టినవారు సుక్ర, సుక్రి. వారాలు ఏడే. ఇంటిపేర్లు కూడా పరిమితమే. అందుచేత ఇంటిపేరుతో సహా ఒకే పేరు గలవారు పలువురు ఉండడం సహజం. పల్లెలో దీనివలన చిక్కు లేదు. పెద్ద, చిన్న అనే మాటలతోనో, తండ్రి పేరుతోనో ఎవరు ఎవరన్నది ఇట్టే తెలిసిపోతుంది. మనిషి మనిషిని ఎరిగిన చోట పేరు తడబడదు.

యంత్రం మనిషిని ఎరుగదు. అక్షరాలను మాత్రమే ఎరుగును. ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. కిల్లో బుద్రి అనే విద్యార్థిని తన పేరునే యూజర్‌నేమ్‌గా పెట్టుకొన్నది. అదే పేరు గల మరొక విద్యార్థిని చివర ఒక అంకె చేర్చి వేరొక ఖాతా తెరిచినది. మొదటి బుద్రి ఉపకారవేతనానికి సమర్పించవలసిన కుల ధ్రువీకరణ పత్రం నకలును, మరునాడే గడువన్న హెచ్చరికతో కలిపి స్నేహితురాలు పంపినది. కాని అది రెండవ బుద్రికి చేరినది. గడువు దాటిపోయినది. పైగా ఒకరి పత్రం పరాయివారి చేతిలో పడినది. ఫోను మ్రోగాలంటే మిట్ట ఎక్కవలసిన పల్లెలున్న చోట, దారితప్పిన సందేశాన్ని వెదకి తెచ్చుకొనే వ్యవధి ఎక్కడిది?

ఈ పొరపాటుకు మూలం రెండు విషయాలలో ఉన్నది. ఖాతాపై కనిపించే పేరు వేరు, యూజర్‌నేమ్ వేరు. కనిపించే పేరు ఎందరికైనా ఒకటే ఉండవచ్చు. యూజర్‌నేమ్ మాత్రం ఒక వేదికపై ఒక్కరికే చెందుతుంది. ఒక్క అక్షరం మారినా అది మరొకరి చిరునామా. రెండవది లిప్యంతరీకరణ. 'వంతల' అనే ఇంటిపేరును ఆంగ్ల లిపిలో కొందరు 'హెచ్' చేర్చి వ్రాస్తారు, కొందరు చేర్చకుండా వ్రాస్తారు. చెవికి ఒకటే అయిన పేరు యంత్రానికి రెండుగా తోస్తుంది.

తపాలాశాఖ ఈ సమస్యను ఏనాడో ఎదుర్కొన్నది. వలస వచ్చినవారు కట్టుకొన్న కొత్త ఊరికి కొత్తవలస అని పేరు పెట్టడం ఉత్తరాంధ్రలో పరిపాటి. కనుక ఆ పేరు ఒకచోట కాక పలుచోట్ల వినిపిస్తుంది. దేశమంతటా ఇటువంటి ఊళ్లుండడం వలన, చిరునామాలు పలు భాషలలో ఉండడం వలన ఉత్తరాలు దారితప్పేవి. సంస్కృత కవి కూడా అయిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చినది. అరకులోయ పిన్‌కోడ్ 531149. 2022 ఏప్రిల్ 4న ఆ ప్రాంతం విశాఖపట్నం జిల్లా నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినా ఆ అంకెలు మారలేదు.

పెద్ద పేరుతో పోలిక కుదిరినా చిక్కే. 2010లో యాషెస్ క్రికెట్ పోటీలు మొదలైనప్పుడు, క్రికెట్ ఎరుగని ఒక అమెరికా యువతికి సందేశాలు వెల్లువెత్తాయి. ట్విట్టర్‌లో ఆమె యూజర్‌నేమ్ 'ది యాషెస్' కావడమే కారణం. చివరకు ఒక విమానసంస్థ ఆమెను ఆస్ట్రేలియాకు ఆహ్వానించి ఆట చూపించినది. అటువంటి అదృష్టం అందరికీ పట్టదు. దారితప్పిన సందేశాలు తరచుగా వస్తున్నప్పుడు యూజర్‌నేమ్ మార్చుకొనడమే మేలు.

మార్పు సులభమే కాని ఫలితాలను తెలిసికొని చేయాలి. చాలా వేదికలలో ఖాతాకు లోపల ఒక స్థిరమైన సంఖ్య ఉంటుంది. జిల్లా మారినా పిన్‌కోడ్ నిలిచినట్లే, యూజర్‌నేమ్ మారినా ఆ సంఖ్య నిలుస్తుంది. కనుక మిత్రులు, పాత సంభాషణలు సాధారణంగా పోవు. అయితే పాత పేరుతో వ్రాసి ఉంచిన లింకులు పనిచేయకపోవచ్చు. మనం వదలిన పేరును మరొకరు తీసికొని మన పేరిట నటించవచ్చు. కాబట్టి మార్పును ముందుగా మిత్రులకు, అధ్యాపకులకు తెలియజేయాలి. కొత్త పేరు పలుకడానికి, వ్రాయడానికి సులభంగా ఉండాలి. పుట్టిన తేదీని, ఫోను నంబరును అందులో చేర్చరాదు. మాటిమాటికీ మార్చరాదు.

ఇతరుల సందేశం మనకు వచ్చినప్పుడు దానిని పదిమందికి చూపక, పంపినవారికి తెలిపి తొలగించడం సంస్కారం. ఊరిలో పొరపాటున మన గడపకు వచ్చిన ఉత్తరాన్ని విప్పకుండా పొరుగువారికి అందించడం వంటిదే ఇది.

కొందరు విద్యార్థులు యూజర్‌నేమ్ మార్చే వేళ, నగరవాసులు నవ్వుతారేమోనని కిల్లో, కొర్రా వంటి ఇంటిపేర్లను తొలగించాలనుకొంటారు. అది అవసరం లేదు. ఖడ్గ తిక్కన తన పేరును వదలుకొనలేదు. దానికి ఒక గుర్తు చేరినది. పులిని, సూర్యుని గోత్రంగా నిలుపుకొన్న పేరుకు మనమూ ఒక మాట చేర్చుదాం. మారవలసినది చిరునామాయే గాని పేరు కాదు.